తెర కన్నా ముందు స్విచ్‌లకు చోటు: పాత కారులో పెద్ద స్టీరియో బిగించే పద్ధతి

సూర్యాపేట దాటాక, వాన పడుతున్న రాత్రి, నా ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నేనూ ఆగగలిగాను. వెనక వచ్చేవాళ్లకు హెచ్చరికగా నాలుగు ఇండికేటర్లూ వెలిగిద్దామని చెయ్యి అలవాటుగా డ్యాష్‌బోర్డు మధ్యకు వెళ్లింది. అక్కడ హజార్డ్ స్విచ్ లేదు. నాలుగు రోజుల ముందు ఒక దుకాణంలో ఏడంగుళాల తెర బిగించినప్పుడు, అడ్డొచ్చిన ఆ స్విచ్‌ను తీసి గ్లవ్ బాక్సు లోపల వేలాడదీశారు. పక్క సీటు మీదికి వంగి, మూత తెరిచి, కాగితాల మధ్య తడుముకుని దాన్ని నొక్కేసరికి అద్దంలో వెనక బస్సు దీపాలు పెద్దవైపోయాయి. బస్సు డ్రైవరు జాగ్రత్తగా ఉన్నాడు కాబట్టి ఏమీ కాలేదు.

మర్నాడే ఆ పనంతా విప్పేశాను. తర్వాత నా కారుకూ, మరికొందరు బంధుమిత్రుల కార్లకూ నేనే చేశాను. ఈ పనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: తీసే ప్రతి స్విచ్‌కూ కొత్త చోటు ఖాయమై, అక్కడ అది పనిచేసిన తర్వాతే డ్యాష్‌బోర్డు మీద రంపం పెట్టాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు తెర బిగిస్తారు, మిగిలిన సందులో స్విచ్‌లను కుక్కుతారు.

ఏ కారు గురించి చెబుతున్నాను

నాది 2004 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. డ్యాష్‌బోర్డు మధ్యలో పైనుంచి కిందికి వరుస ఇది: గాలి వచ్చే రంధ్రాలు, సన్నని సైజు (సింగిల్ డిన్) రేడియో, దాని కింద మూడు స్విచ్‌లు (హజార్డ్, వెనక అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్, ఫాగ్ ల్యాంపులు), వాటి కింద ఏసీ మీటలు. ఆ కాలపు కార్లలో ఈ అమరిక, లేదా దీనికి దగ్గరి అమరిక, చాలా కనిపిస్తుంది.

రేడియో పరిమాణాలు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వస్తాయి. సింగిల్ డిన్ ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ అదే వెడల్పు, 100 ఎత్తు. టయోటా కార్లలో 200 వెడల్పు రకం కూడా ఉంటుంది. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి, డబ్బా మీద రాసినదాన్ని నమ్మి కొనవద్దు. నా కారులో రేడియో గూడు 50, స్విచ్‌ల వరుస 45, మధ్యనున్న ప్లాస్టిక్ అడ్డపట్టీ 7 మిల్లీమీటర్లు. మొత్తం 102. స్విచ్‌లు కదిలి ఆ అడ్డపట్టీ పోతే డబుల్ డిన్ పడుతుంది. ఏసీ మీటలను ముట్టుకోనక్కరలేదు.

ముట్టుకోనక్కరలేకపోవడం ఎంత అదృష్టమో చెప్పాలి. పాత కార్లలో ఏసీ మీట వెనక ఇనుప తీగ ఉంటుంది, సైకిల్ బ్రేకు తీగలాంటిదే. అది వెళ్లి లోపలి తలుపులను తిప్పుతుంది. మీటల పలకను రెండంగుళాలు దించితే ఆ తీగ ఎక్కడో మడత పడుతుంది, వేడి గాలి తలుపు పూర్తిగా మూసుకోదు. రెంటచింతల ఎండలో ఏసీ వేసుకుని వెళ్తూ కాళ్ల మీద ఇంజిను వేడి తగులుతుంటే ఏ తెరలో ఏ పాట వచ్చినా సుఖం లేదు. మీ కారులో ఏసీ మీటలు కదిపితే తప్ప చోటు రాదంటే, డబుల్ డిన్ ఆలోచన మానుకుని, సింగిల్ డిన్ పెట్టె మీద బయటికి తేలి ఉండే తెర రకం చూడండి. ఆ తెర గాలి రంధ్రాలకూ స్విచ్‌లకూ అడ్డు వస్తుందేమో మాత్రం ముందే అట్టముక్క పెట్టి చూసుకోవాలి. ఈ మధ్య బాగా అమ్ముడవుతున్న తొమ్మిది, పది అంగుళాల తెరలతో వచ్చే చిక్కు కూడా ఇదే. వెనక పెట్టె చిన్నదే, ముందు తెర మాత్రం చుట్టుపక్కల ఉన్నవన్నీ కప్పేస్తుంది.

లోతు కూడా కొలవండి. రేడియోను బయటికి లాగి, గూట్లోంచి స్టీలు స్కేలు నేరుగా లోపలికి పెట్టి, మొదటి గట్టి వస్తువు తగిలేదాకా దూరం రాసుకోండి. స్విచ్‌ల వెనక కూడా అంతే. అక్కడ తరచుగా ఏసీ గాలి గొట్టమో, డ్యాష్‌బోర్డును మోసే ఇనుప దూలమో ఉంటుంది. గొట్టాన్ని కోయకూడదు, దూలాన్ని అసలే కోయకూడదు. స్టీరియో వెనక ప్లగ్గులకు, వైర్ల కట్టకు మరో 30 నుంచి 40 మిల్లీమీటర్లు కావాలన్నది లెక్కలో ఉంచుకోండి.

మొదటి అడుగు: అట్టముక్కల వారం

ఈ పనిలో ఎక్కువమంది దాటవేసేది ఇదే. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేదీ ఇదే.

స్విచ్ ముఖం కొలతకు మందపాటి అట్టముక్కలు మూడు కత్తిరించండి. వాటి మీద బొమ్మలు గీయండి. మాస్కింగ్ టేపుతో, స్విచ్‌లు ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడ అంటించండి. అసలు స్విచ్‌లు ఇంకా పాతచోటే ఉండనివ్వండి. వారం రోజులు మామూలుగా కారు నడపండి. ఆగి ఉన్నప్పుడు, సీటు బెల్టు పెట్టుకునే, కళ్లు రోడ్డు మీదే ఉంచి, అట్టముక్కను వేలితో తాకడానికి ప్రయత్నించండి. మూడుసార్లలో మూడుసార్లూ తగలాలి.

నేను మొదట హజార్డ్‌ను స్టీరింగ్‌కు కుడివైపు, మోకాలి పైన ఉండే ఖాళీ మూతల దగ్గర పెడదామనుకున్నాను. కంపెనీ వదిలిన చోటు కాబట్టి బిగింపు సులువు. రెండు రోజుల్లో రెండు సంగతులు తెలిశాయి. స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు దాని చక్రం అడ్డకమ్మి స్విచ్‌ను కప్పేస్తోంది. పైగా పక్క సీట్లో ఉన్న మా ఆవిడకు అది అందదు. డ్రైవరుకు కళ్లు తిరిగినా, చెయ్యి ఆడకపోయినా పక్కవాళ్లు నొక్కగలగాలి కదా! అందుకే హజార్డ్ మాత్రం మధ్యలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఏసీ మీటల కింద, గేరు రాడ్‌కు ముందు ఉన్న చిల్లర గూట్లో దానికి చోటు చేశాను. డీఫాగర్, ఫాగ్ ల్యాంపుల స్విచ్‌లు కుడివైపు ఖాళీ మూతల్లోకి వెళ్లాయి. వాటికి తొందర ఉండదు.

చోటు ఎంచుకునేటప్పుడు గేరు రాడ్‌ను ఒకటి, మూడు, ఐదు గేర్లలో పెట్టి చూడండి. ఆ మూడు గేర్లలోనే చెయ్యి ముందుకు వస్తుంది. మీ పిడికిలికీ స్విచ్‌కూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. నీళ్ల సీసా పెట్టుకునే గూటికి పక్కనే, దాని కన్నా కిందుగా స్విచ్ పెట్టవద్దు. ఎయిర్‌బ్యాగ్ మూతల మీద, వాటి పక్కన, ఢీకొన్నప్పుడు మోకాలు తగిలేచోట ఉబ్బెత్తుగా ఏదీ ఉండకూడదు.

రెండో అడుగు: స్విచ్‌ను అర్థం చేసుకోవడం

హజార్డ్ స్విచ్‌ను మామూలు దీపం స్విచ్ అనుకుంటే దెబ్బ తింటారు. పాత కార్లలో, ముఖ్యంగా జపాను పద్ధతి వైరింగ్ ఉన్నవాటిలో, ఇండికేటర్లను మిణుకుమిణుకుమనిపించే ఫ్లాషర్‌కు కరెంటు వచ్చేదే ఈ స్విచ్ గుండా. స్విచ్ ఆపి ఉన్నప్పుడు తాళం తిప్పితే వచ్చే కరెంటును ఫ్లాషర్‌కు ఇస్తుంది. నొక్కినప్పుడు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటుకు మారి, ఎడమ కుడి ఇండికేటర్లను రెండింటినీ కలుపుతుంది. అందుకే స్విచ్ ప్లగ్గు పీకేస్తే మామూలు ఇండికేటర్లు కూడా ఆగిపోతాయి. ‘స్టీరియో పెట్టించాక ఇండికేటర్లు పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ ప్లగ్గే.

కొత్త కార్లలో ఈ స్విచ్ కంప్యూటర్ పెట్టెకు చిన్న సంకేతం మాత్రమే పంపుతుంది. సన్నని వైర్లు రెండు మూడే ఉంటాయి. అవి పొడిగించడం సులువే. కానీ ఏసీ, రివర్స్ సెన్సర్ల సమాచారం కూడా అదే తెరలో వచ్చే కారైతే ఇంట్లో మొదలుపెట్టవద్దు. వారంటీ మిగిలి ఉన్న కారులో వైరు కోసే ముందు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

పాత రకం అయితే మల్టీమీటర్‌ను కంటిన్యుటీ (రెండు పిన్నులకు సంబంధం ఉందో లేదో చూపే అమరిక) మీద పెట్టి, స్విచ్ బయటికి తీశాక, ఏ పిన్నుకూ ఏ పిన్నుకూ సంబంధం ఉందో ఆపి ఒకసారి, నొక్కి ఒకసారి చూసి కాగితం మీద రాసుకోండి. ప్లగ్గులోని వైర్ల రంగులు, చారలతో సహా రాయండి. ఫోనుతో ఫొటో తీసినా సరే, కాగితం కూడా ఉండాలి. పసుపు దీపం కింద తీసిన ఫొటోలో తెలుపుకూ పసుపుకూ తేడా తెలియదు.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. నాలుగు మూలలా 21 వాట్ల బల్బులు, పక్కల 5 వాట్లవి రెండు. మొత్తం 94 వాట్లు, 12 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని వైరు మీటరుకు సుమారు 0.035 ఓములు. దానిలో 8 ఆంపియర్లు పోతే మీటరుకు రెండు వాట్లకు పైగా వేడి ఆ వైరులోనే పుడుతుంది, దీపం కూడా మందగిస్తుంది. అందుకే హజార్డ్ కరెంటు వైర్లకు 1.25 చదరపు మిల్లీమీటర్లు వాడండి. డీఫాగర్ ఇంకా ఆకలిగలది, 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. మీ కారులో దానికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్ డబ్బా) ఉంటే స్విచ్ వైర్లు సన్నగానే ఉంటాయి, అలాగే పొడిగించండి. రిలే లేకపోతే ఈ సందర్భంలోనే ఒకటి పెట్టడం మంచిది: 30వ కాలికి ఫ్యూజు గుండా బ్యాటరీ కరెంటు, 87 నుంచి డీఫాగర్‌కు, 85, 86 కాళ్లకు పాత స్విచ్ కరెంటూ ఎర్తూ. అప్పుడు స్విచ్ మీద భారమే ఉండదు.

మూడో అడుగు: విప్పడం

కావలసినవి: 10 నంబరు పానా, రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ పట్టీలు లేపే ప్లాస్టిక్ పనిముట్లు, మల్టీమీటర్, వైరు అతుకులను నొక్కి బిగించే క్రింపింగ్ పటకారు, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టాలు, గుడ్డ టేపు, సన్నని రంపం, చదునైన ఆకురాయి, ఉప్పు కాగితం, 3 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ పలక.

స్టీరియోకు లాక్ కోడ్ ఉంటే ముందే వెతికి పెట్టుకోండి. తాళంచెవి బయటికి తీసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే వర్క్‌షాప్ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి. నేను అరగంట ఆగుతాను, ఆలోగా సీట్ల మీద దుప్పటి పరచడం, స్క్రూలకు గిన్నెలు సర్దడం అయిపోతుంది. పసుపు రంగు ప్లగ్గులు, పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని పీకవద్దు, మల్టీమీటర్ ముల్లు తగిలించవద్దు, టెస్ట్ ల్యాంపు అసలే వద్దు.

పాత ప్లాస్టిక్ ఎండకు పెళుసవుతుంది. మధ్య పలకను పొద్దున చల్లగా ఉన్నప్పుడు లాగితే క్లిప్పులు విరుగుతాయి. కారును గంటసేపు ఎండలో ఉంచి, లోపల వెచ్చబడ్డాక లేపండి. క్లిప్పు ఉన్నచోటే పనిముట్టు పెట్టాలి, రెండు క్లిప్పుల మధ్య పెడితే పలక వంగుతుంది.

నాలుగో అడుగు: వైర్లు పొడిగించడం

ఇక్కడ తొందర పనికిరాదు. కంపెనీ వైర్లను కోయకుండా పని జరిగే దారి ఒకటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్లో పాత కార్లు విడగొట్టేచోటో అదే మోడల్ స్విచ్ పాడైపోయినది ఒకటి, దాని ప్లగ్గు ఆరంగుళాల వైరుతో సహా ఒకటి అడిగి తెచ్చుకోండి. పాడైన స్విచ్‌ను విప్పి, లోపలి పిన్నుల గడ్డను మాత్రం తీసుకుని, ఒక్కో పిన్నుకు వైరు టంకం వేసి, చుట్టూ ఎపాక్సీ పోయండి. రెండో కొసకు తెచ్చిన ప్లగ్గు కలపండి. ఇప్పుడు మీ దగ్గర ఒక పొడిగింపు కట్ట ఉంది: ఒక కొస కారు ప్లగ్గులోకి, ఇంకో కొస స్విచ్‌లోకి. ఎప్పుడైనా పాత స్థితికి తేవాలంటే పీకేస్తే చాలు. బల్ల మీద కూర్చుని చేసే పని కాబట్టి చక్కగా వస్తుంది కూడా.

అలాంటి ప్లగ్గు దొరకకపోతే కోయక తప్పదు. అప్పుడు ప్లగ్గు నుంచి పది సెంటీమీటర్లు వదిలి, ఒక్కో వైరును ఒక్కో దూరంలో కోయండి. అతుకులు మెట్లు మెట్లుగా రావాలి. అన్నీ ఒకేచోట వస్తే కట్ట అక్కడ కొండచిలువ మింగిన ఎరలా ఉబ్బుతుంది, ఒకదాని టేపు ఊడితే పక్కదానికి తగులుతుంది. ఒకసారికి ఒక్క వైరే కోసి, అతికి, తర్వాతిదానికి వెళ్లండి. హీట్ ష్రింక్ గొట్టం ముందే వైరులోకి ఎక్కించండి. అతికాక గట్టిగా లాగి చూడండి, వస్తే అది అతుకు కాదు. మెలితిప్పి నల్ల టేపు చుట్టడం మన వాతావరణంలో నిలవదు. రెండు వేసవుల్లో జిగురు కారి టేపు జారిపోతుంది.

కట్ట మొత్తానికి గుడ్డ టేపు చుట్టండి. ప్లాస్టిక్‌కు తగిలి కిటకిటలాడకుండా ఉంటుంది. దారి ఎంచుకునేటప్పుడు పాత కట్ట వెళ్లే దారినే పట్టండి, దానికే కట్టండి. స్టీరింగ్ కాడకు, పెడళ్ల రాడ్లకు, ఏసీ తీగలకు కట్టవద్దు. కట్టాక స్టీరింగ్ ఇటు చివరిదాకా, అటు చివరిదాకా తిప్పి, మూడు పెడళ్లూ తొక్కి, ఏసీ మీటలు కదిపి చూడండి.

ఇప్పుడు స్విచ్‌లను కొత్తచోట వదులుగా వేలాడదీసి, పాత రేడియో కూడా ఉన్నచోటే ఉంచి, బ్యాటరీ కలిపి అన్నీ వేసి చూడండి. ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, తాళం తీసేసి హజార్డ్, డీఫాగర్, ఫాగ్ ల్యాంపులు, రాత్రి వెలిగే స్విచ్ దీపం. ఒక్కటి తేడా వచ్చినా ముందుకు వెళ్లవద్దు. ఇంతవరకు డ్యాష్‌బోర్డు మీద ఒక్క గీత కూడా పడలేదు, వెనక్కి రావడానికి ఇదే ఆఖరి మజిలీ.

ఐదో అడుగు: స్విచ్‌ల గూడు, తర్వాత తెర గూడు

ఖాళీ మూతల్లోకి వెళ్లేవి టక్కున కూర్చుంటాయి. హజార్డ్ కోసం చిల్లర గూటి ముఖానికి ఏబీఎస్ పలక కోసుకోవాలి. స్విచ్ నడుము కొలతను కాలిపర్‌తో తీసి, దానికన్నా ఒక మిల్లీమీటరు చిన్నగా రంధ్రం కోయండి. మిగతాది ఆకురాయితో, రెండు గీతలు గీసి ఒకసారి పెట్టి చూస్తూ, నెమ్మదిగా అరగదీయండి. స్విచ్ చెవులు పలక వెనక ‘టిక్’మని పట్టుకుని, వేలితో గట్టిగా నొక్కినా లోపలికి పోకూడదు. భయంలో మనిషి స్విచ్‌ను మెల్లగా నొక్కడు, గుద్దుతాడు. అందుకని పలకను జిగురుతో మాత్రమే అంటించకుండా వెనకనుంచి రెండు స్క్రూలు వేయండి.

తర్వాత మధ్య అడ్డపట్టీ. పలకను కారులోంచి బయటికి తెచ్చి బల్ల మీద బిగించి కోయండి. కారులోనే కోస్తే ప్లాస్టిక్ పొట్టు గాలి గొట్టాల్లో పడి నెలల తరబడి మొహం మీదికి వస్తుంది. కోసే గీతకు రెండువైపులా మాస్కింగ్ టేపు వేసి, గీతకు రెండు మిల్లీమీటర్ల లోపలే కోసి, మిగతాది ఆకురాయికి వదలండి. ఆ కోసిన ముక్క పారేయకండి, రంగూ గరుకూ సరిపోయే ప్లాస్టిక్ మళ్లీ దొరకదు.

స్టీరియో బరువును ముందు పలక మోయకూడదు. పాత రేడియోను పట్టుకున్న ఇనుప బ్రాకెట్లకే, లేదా వాటిని పొడిగించే పట్టీలకే, రెండు పక్కలా స్క్రూలు పడాలి. ఎదుట చట్రం అందం కోసమే.

ఆరో అడుగు: స్టీరియో కలపడం

దీని గురించి ఎక్కువ చెప్పను, అడాప్టర్ ప్లగ్గు కొంటే సగం పని అయిపోతుంది. విడిగా అమ్మే స్టీరియోల్లో రంగులు సాధారణంగా ఇలా ఉంటాయి: పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, నారింజ రాత్రి దీపాలతో వెలగడానికి, నీలం యాంటెన్నాకు. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్లచార ఉన్నది నెగెటివ్. కారు వైపు రంగులు ఈ పద్ధతిలో ఉండవు, కాబట్టి మల్టీమీటర్‌తో చూడకుండా కలపవద్దు. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు చెరిగిపోతాయి. స్పీకర్ నెగెటివ్ వైర్లను ఎర్త్‌కు తగిలించారంటే లోపలి యాంప్లిఫయర్ పోతుంది.

హ్యాండ్ బ్రేకు వేస్తేనే వీడియో రావడానికి ఒక వైరు ఉంటుంది. దాన్ని నేరుగా ఎర్త్‌కు కలిపి ఆ అడ్డు తీసేయమని చాలామంది అడుగుతారు. నేను చేయను, మీరూ చేయవద్దు. జీపీఎస్ యాంటెన్నాను ఇనుము కింద కాకుండా డ్యాష్‌బోర్డు పై ప్లాస్టిక్ కింద అంటించండి. మైకును గాలి రంధ్రానికి దూరంగా పెట్టండి.

ఏడో అడుగు: పరీక్ష

అన్నీ బిగించాక మళ్లీ అదే వరుసలో ప్రతి స్విచ్ వేసి చూడండి. తర్వాత తాళం తీసి, తలుపులు మూసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగెటివ్ దగ్గర, టెర్మినల్‌కూ వైరుకూ మధ్య వరుసలో మల్టీమీటర్‌ను పెట్టి నిద్రావస్థలో ఎంత కరెంటు పోతోందో కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉండాలి. మీటరు కలిపి ఉండగా తాళం తిప్పితే దాని ఫ్యూజు పోతుంది. కరెంటు ఎక్కువగా ఉంటే స్టీరియో ఫ్యూజు తీసి చూడండి. తగ్గితే ఎరుపు వైరు తప్పు చోట ఉండవచ్చు.

హజార్డ్ వేసి పది నిమిషాలు ఉంచి, కొత్త కట్టను అతుకుల దగ్గర చేత్తో పట్టుకోండి. వెచ్చగా ఉంటే అతుకు సరిగా పడలేదు. ఆ తర్వాత చీకటి పడ్డాక, కారు ఆపి, కళ్లు మూసుకుని హజార్డ్ నొక్కండి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరిచేతా నొక్కించండి. పక్క సీట్లోంచి కూడా. మా ఇంట్లో అందరికీ తగిలింది, మా నాన్నగారికి మాత్రం రెండుసార్లు తప్పింది. ఆయన చెయ్యి ఇరవై ఏళ్ల అలవాటుతో పాత చోటికే, అంటే తెర మీదికే వెళ్తోంది. ఆయన కోసం స్విచ్ పక్కన పలక మీద చిన్న రబ్బరు బొడిపె అంటించాను. ఇప్పుడు వేలు గేరు రాడ్ మీంచి ముందుకు జారి బొడిపె తగలగానే ఆగుతుంది.

వైర్ల రంగులు, ఏ కట్ట ఎటు వెళ్లిందో, రిలే ఎక్కడుందో, ఏ ఫ్యూజు దేనిదో రాసుకున్న కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కోసిన అడ్డపట్టీ ముక్కతో కలిపి గ్లవ్ బాక్సులో ఉంచండి.